బెంగళూరు ఫ్లాట్‌లో 90 సెం.మీ. కుకింగ్ రేంజ్: కొనేముందు ఏమేం చూసుకోవాలి?

వర్తూరు_వంటిల్లు, బెంగళూరు

అందరికీ నమస్కారం. మా ఫ్లాట్‌లో వంటగది మొత్తం కొత్తగా చేయిస్తున్నాం. పాత గ్రానైట్ కూడా తీసేస్తున్నారు కాబట్టి, ఈసారి ప్లాట్‌ఫామ్ మీద స్టవ్ కాకుండా నేల మీద నిలబడే 90 సెంటీమీటర్ల రేంజ్ పెట్టించాలని ఉంది. పైన ఐదారు బర్నర్లు, కింద పెద్ద ఓవెన్. ఐదు లక్షల దాకా పెట్టగలం, కానీ పెట్టిన డబ్బుకు పది పదిహేనేళ్లు నిక్షేపంలా పనిచేయాలి.

మా వంట ఎలాంటిదో చెప్తాను, దాన్నిబట్టే కదా మీరు సలహా ఇవ్వగలిగేది. ఇంట్లో ఆరుగురం. పొద్దున పెసరట్టో ఇడ్లీయో, మధ్యాహ్నం పప్పు, కూర, పులుసు తప్పనిసరి. మా అత్తగారు ఇనప మూకుడులో దిబ్బరొట్టె వేస్తారు, అది ఆవిడ ప్రత్యేకం. చుట్టాలొస్తే పెద్ద గిన్నెలో దమ్ బిర్యానీ. నాకు బ్రెడ్, కేకుల పిచ్చి. ఇప్పుడున్న ఓటీజీలో (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) ఒకసారికి ఒక్క బ్రెడ్డే పడుతుంది.

షోరూముల్లో చూడ్డానికి అన్నీ బాగున్నాయి. సేల్స్ వాళ్లు కిలోవాట్లు, లీటర్లు, రంగులు చెప్తున్నారు. మా పెనం మీద అట్టు ఎలా వస్తుందో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. బిల్డింగ్‌కి గెయిల్ గ్యాస్ పైపు ఉంది. ఓవెన్ గ్యాస్‌ది మంచిదా, కరెంటుదా? పెద్ద బర్నర్ ఎంత పవర్ ఉండాలి? సర్వీసు ఎలా ఉంటుంది? వాడుతున్నవాళ్లు చెప్తే చాలా మేలు.

పెనం_మీద_ప్రేమ, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్

ముందు బ్రాండు సంగతి పక్కన పెట్టి మీ గిన్నెలు కొలవండి. పెద్ద కుక్కరు, పెనం, బిర్యానీ గిన్నె, మూకుడు, వీటి వెడల్పులు కాగితం మీద రాసుకుని వెళ్లండి. వీలైతే గిన్నెలే కారులో వేసుకెళ్లండి, మొహమాటపడొద్దు.

90 సెం.మీ. రేంజ్‌లలో పెద్ద బర్నర్ కొన్నింటికి మధ్యలో ఉంటుంది, కొన్నింటికి ఎడమ పక్కన. ఫొటోలో మధ్యలో ఉన్నదే అందంగా కనబడుతుంది. కానీ బిర్యానీ గిన్నె మధ్యలో కూర్చుంటే రెండు పక్కలా ఉన్న బర్నర్ల మీదికి అంచులు వచ్చేస్తాయి. ఐదు బర్నర్లున్నా రెండు మూడే పనికొస్తాయి. ఎడమ పక్కన ఉంటే దాని గోల దానిది, మిగతా నాలుగు మీ చేతిలో ఉంటాయి. మన వంటకి నా ఓటు ఎడమ పక్కకే.

పెనం సంగతి ఇంకా ముఖ్యం. పెద్ద బర్నర్‌లో బయటి వలయం మంట మాత్రమే వెలిగితే పెనం అంచులు కాలిపోతుంటాయి, మధ్యలో వేడి చాలదు. నీళ్లు చిలకరించి చూడండి: అంచున చుయ్‌మని ఎగిరిపోతాయి, మధ్యలో పడ్డ చుక్క కాసేపు అలాగే కూర్చుంటుంది. ఆ పెనం మీద పెసరట్టు చుట్టూ ఎర్రగా వచ్చి మధ్యలో అంటుకుంటుంది. లోపలి వలయానికి, బయటి వలయానికి విడివిడిగా మంట తగ్గించుకునే వీలున్న బర్నర్ అడగండి. డ్యూయల్ కంట్రోల్ అంటారు. అది ఉంటే ఒకే బర్నర్ మీద అట్టూ వస్తుంది, పోపు గిన్నె కూడా పెట్టుకోవచ్చు.

పైన పెట్టే ఇనప కడ్డీల మధ్య సందు కూడా చూడండి. పోపు గిన్నె, కాఫీ గిన్నె ఒరిగిపోకూడదు.

పొయ్యి_పనివాడు, రాజాజీనగర్

ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి గ్యాస్ గురించి నేను చెప్తాను. బ్రాండ్ల పేర్లు చెప్పను.

సిలిండర్ గ్యాస్ మన రెగ్యులేటర్ నుంచి సుమారు 30 మిల్లీబార్ ప్రెషర్‌తో వస్తుంది. పైపు గ్యాస్ 21 మిల్లీబార్ దగ్గర వస్తుంది. పైగా ఒకే పరిమాణంలో ఎల్‌పీజీకి ఉన్న వేడి పైపు గ్యాస్‌కి ఉన్నదానికి సుమారు రెండున్నర నుంచి మూడు రెట్లు. అందుకే రెండింటికీ జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రం ఉన్న ముక్కలు) వేరు: పైపు గ్యాస్ జెట్‌కి రంధ్రం పెద్దది, సిలిండర్ జెట్‌కి సన్నది. సిలిండర్ జెట్లతో పైపు గ్యాస్ ఇస్తే మంట నీరసంగా ఉంటుంది. అది ఫర్వాలేదు, తెలిసిపోతుంది. తిరగేసి చేస్తేనే ప్రమాదం. మంట పసుపుపచ్చగా పైకి లేచి గిన్నెలు మసిబారతాయి. అలాంటి మంట కనబడితే వెంటనే కట్టేయండి.

కాబట్టి బిల్లులోనే పైపు గ్యాస్ జెట్లు ఇస్తున్నట్టు రాయించుకోండి. సిలిండర్ జెట్ల సెట్టు కూడా అడిగి తీసుకుని దాచుకోండి, రేపు ఇల్లు మారితే అవసరం.

చాలామంది వదిలేసే విషయం ఇంకొకటుంది. జెట్లు మార్చినప్పుడు సిమ్ కూడా సరిచేయాలి. నాబ్ లాగేస్తే కింద వాల్వ్ పక్కన చిన్న బైపాస్ స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పే సిమ్ మంట సెట్ చేస్తారు. ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన కుర్రాడు జెట్లు మార్చేసి, స్క్రూ ముట్టుకోకుండా వెళ్లిపోతే సిమ్‌లో పెట్టగానే మంట ఆరిపోతుంది, లేదా సిమ్ అన్న మాటే ఉండదు. అతను ఉండగానే ప్రతి బర్నర్‌నీ సిమ్‌లో పెట్టి, ఓవెన్ తలుపు రెండుసార్లు తెరిచి మూయండి. ఆ గాలికి మంట నిలబడాలి.

మంట ఆరితే గ్యాస్ తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ప్రతి బర్నర్‌కీ ఉండాలి. బర్నర్ పక్కన సన్నటి ముల్లులా కనబడేది థర్మోకపుల్. దానికి వేడి తగిలినంతసేపే వాల్వ్ తెరుచుకుని ఉంటుంది. వెలిగించాక నాబ్ రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోమనేది అందుకే. పాలు పొంగి మంట ఆరిపోయే ఇళ్లలో ఇది లేని రేంజ్ నేనైతే కొననివ్వను.

వర్తూరు_వంటిల్లు

అన్నా, బైపాస్ స్క్రూ సంగతి ఒక్క షోరూములో కూడా చెప్పలేదు. చాలా థాంక్స్. మరి పెద్ద బర్నర్ ఎన్ని కిలోవాట్లు ఉండాలి? ఒకాయన 4 అంటాడు, ఇంకొకాయన 6 ఉంటేగానీ బిర్యానీ అవదంటాడు.

పొయ్యి_పనివాడు

4 నుంచి 5 చాలమ్మా. అమెరికా వీడియోల్లో చెప్పే 15,000 బీటీయూ అంటే 4.4 కిలోవాట్లే. ఎల్‌పీజీ లెక్కన 5 కిలోవాట్ల బర్నర్ ఫుల్లుగా గంట మండితే సుమారు 400 గ్రాముల గ్యాస్ అవుతుంది. అంటే 14.2 కిలోల సిలిండర్ ముప్ఫై ఆరు గంటల్లో ఖాళీ. మంట గిన్నె దాటి పక్కలకి పోతే ఆ వేడంతా వంటగదికే. మన ఐఎస్ 4246 ప్రమాణం ప్రకారం ఎల్‌పీజీ స్టవ్‌కి కనీసం 68 శాతం ఎఫిషియెన్సీ ఉండాలి. పెద్ద సంఖ్య చూసి మోజుపడకుండా, మంట గిన్నె అడుగున ఎలా పరుచుకుంటుందో చూడండి.

మీ ఇంట్లో దిబ్బరొట్టె వేస్తారన్నారు కాబట్టి అసలు అడగాల్సింది కింది అంకె. చిన్న బర్నర్ సిమ్‌లో ఎంతకి దిగుతుంది అని. 0.3, 0.4 కిలోవాట్ల దాకా దిగేది ఉంటే మంచిది.

నెల్లూరు_పులుసు, కోరమంగళ

పనివాడు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పెద్ద మంట ఎవరైనా ఇస్తారు. చేపల పులుసు చివర్లో అలా సన్నసెగ మీద మగ్గాలి. అరిసెల పాకం ముదరకుండా ఆపాలి, జీడిపప్పు మాడకుండా వేగాలి. వీటన్నిటికీ సిమ్మే దిక్కు. పొయ్యి ఖరీదు తెలిసేది అక్కడే.

బెంగళూరులో ఉన్నాం కాబట్టి ఇంకో మాట. మనం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చెన్నైలో ఉన్న మా అక్కకి విడిగా గిన్నెలో ఉడికే కందిపప్పు నాకు ఇక్కడ ఇంకాస్త సేపు పడుతుంది. పెద్ద మంట పెట్టినా నీళ్లు ఆ వేడిని దాటవు, ఆవిరై పోతాయంతే. మూత, ఓపిక, లేదంటే కుక్కరు.

బ్రెడ్డు_బిస్కెట్టు, ఇందిరానగర్

ఓవెన్ గురించి నేను రాస్తాను.

మీరు బ్రెడ్, కేకులు అన్నారు కాబట్టి కరెంటు ఓవెనే తీసుకోండి. గ్యాస్ ఓవెన్‌లో మంట అడుగున ఉంటుంది. గ్యాస్ మండినప్పుడు నీటి ఆవిరి వస్తుంది కాబట్టి లోపల తేమగా ఉంటుంది. మాంసం రోస్టులకి అది బాగానే ఉంటుంది. కానీ అడుగు త్వరగా కాలుతుంది, పైన రంగు రాదు, వేడి బాగా తగ్గించి నిలబెట్టడం కష్టం. మరెంగ్‌లాంటివి (గుడ్డు తెల్లసొన, చక్కెర గిలక్కొట్టి చేసేవి) 100 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలంటే చాలా గ్యాస్ ఓవెన్లు అంత కిందికి దిగవు. కరెంటు ఓవెన్‌లో పైన, కింద, వెనక ఫ్యాన్ చుట్టూ కాయిల్ ఉంటాయి. దేనికి ఏది కావాలో అదే వేసుకోవచ్చు.

పైన గ్యాస్, కింద కరెంటు ఉన్నదాన్ని డ్యూయల్ ఫ్యూయల్ అంటారు. మీకు కావాల్సింది అదే.

సైజు విషయంలో మాత్రం నిదానించండి. 60 సెం.మీ. ఓవెన్ సుమారు 60 నుంచి 75 లీటర్లు. 90 సెం.మీ. రేంజ్‌లో ఒకే ఓవెన్ ఉంటే వంద లీటర్లు దాటొచ్చు. నాలుగు బ్రెడ్లు ఒకేసారి పెట్టేరోజు అది వరమే. కానీ మామూలు రోజున ఒక్క కేక్ కోసం అంత గదినీ వేడి చేయాలి. కొన్ని 90 రేంజ్‌లలో పక్కపక్కనే రెండు ఓవెన్లు ఉంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అవి దొరికితే చూడండి. అయితే ఆ పెద్దదానిలో మీ ట్రే అడ్డంగా పడుతుందో లేదో కొలిచి చూసుకోండి.

వేడి సమానంగా ఉందో లేదో తేల్చుకోవడానికి నేను చేసేది ఇది: జాలీ మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా బ్రెడ్ ముక్కలు పేర్చి, 180 డిగ్రీల్లో పెట్టి, రంగు రాగానే బయటికి తీస్తాను. ఏ మూల మాడిందో, ఏ మూల తెల్లగా ఉండిపోయిందో కళ్లెదుటే ఉంటుంది. లైవ్ కిచెన్ ఉన్న షోరూములో ఈ పరీక్ష అడగండి. వద్దంటే ఇంకో షోరూముకి వెళ్లండి. లక్షలు పెడుతున్నారు, అడిగే హక్కు మీకుంది.

కరెంటు_లెక్కలు, ఎలక్ట్రానిక్ సిటీ

కరెంటు ఓవెన్ అన్నారు కాబట్టి: 3 కిలోవాట్ల ఓవెన్ 230 వోల్టుల దగ్గర 13 యాంపులు లాగుతుంది. మామూలు 6 యాంప్ ప్లగ్ పనికిరాదు. 16 యాంప్ సాకెట్టు, దానికోసమే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడిగా 20 యాంప్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే ఆగిపోయే స్విచ్) వేయించండి. ఎర్తింగ్ తప్పనిసరి. గోడలు పగలగొట్టిన ఇప్పుడే చేయించేయండి, టైల్స్ వేశాక చాలా కష్టం.

బెస్కామ్ కరెంటు బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్, అంటే మీ ఇంటికి మంజూరైన లోడు, చూసుకోండి. 3 కిలోవాట్లే అని ఉంటే ఓవెన్, గీజరు, వాషింగ్ మెషిన్ కలిసి నడిచేసరికి దాటేస్తారు. లోడ్ పెంచమని అప్లికేషన్ పెట్టాలి. అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద ఓవెన్ నడవదనే అనుకుని ప్లాన్ చేసుకోండి. బ్యాకప్‌లో ఒక్కో ఫ్లాట్‌కి ఇచ్చేది తక్కువ. ఓవెన్ వేయగానే ట్రిప్ అవుతుంది.

ఇండక్షన్ రేంజ్ చూపిస్తే మాత్రం ఆగండి. పై భాగానికే 7 కిలోవాట్లు అంటారు, అంటే 32 యాంప్ లైను. పైగా మట్టి గిన్నెలు, ఇత్తడి, గుండ్రటి అడుగు మూకుడు దాని మీద పనిచేయవు.

తిరువాన్మియూర్_తెలుగు, చెన్నై

మాది చెన్నై, బీచ్‌కి దగ్గర. కుకింగ్ రేంజ్ వాడుతున్నాం. ఉప్పుగాలి సంగతి ఇక్కడివాళ్లు కూడా చదువుతారని రాస్తున్నాను.

స్టీలు అన్నీ ఒకటి కాదు. పై పళ్లెం, పక్క పలకలు 304 గ్రేడా అని అడగండి. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. గట్టిగా అంటుకుంటే అది 430 లాంటి రకం, సముద్రపు గాలికి త్వరగా మచ్చలు పడుతుంది. అంటుకోకపోతే 304 అని ఖాయం కాదు, 200 సిరీస్ కూడా అంటుకోదు. అందుకని కాగితం మీద గ్రేడు రాసివ్వమనండి. ఎనామిల్ పూత ఉన్నవి తుప్పుకి తట్టుకుంటాయి, కానీ అంచున గిన్నె తగిలి పెచ్చు ఊడితే అక్కడినుంచి మొదలవుతుంది.

ఇక సర్వీసు. మా ఓవెన్‌లో వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పోతే ఆ విడిభాగం విదేశం నుంచి రావాలన్నారు. నెలల తరబడి ఓవెన్ గూట్లో గిన్నెలు దాచుకున్నాం. రిపేరుకి వచ్చిన మనిషి మంచివాడే, అతని దగ్గర సామాను లేదు. కాబట్టి వారంటీ ఎన్నేళ్లు అని కాదు, థర్మోస్టాట్, ఫ్యాన్ మోటారు, బర్నర్ వెలిగించే ఇగ్నైటర్, తలుపు రబ్బరు ఈ నాలుగూ ఈ ఊళ్లో స్టాకు ఉన్నాయా అని అడగండి. సేల్స్ అబ్బాయిని కాదు, సర్వీస్ సెంటర్‌కే ఫోన్ చేసి అడగండి.

అన్నానగర్_అత్తయ్య, చెన్నై

అమ్మాయీ, ఒక మాట చెప్పనా. రేంజ్ ఎందుకు? పైన మంచి హాబ్ (గట్టు రాతిలో కోసి అమర్చే పొయ్యి), పక్కన గోడలో కళ్లెత్తున ఓవెన్ పెట్టించుకో. మీ అత్తగారు కూడా వంట చేస్తారంటున్నావు. వేడి వేడి బిర్యానీ ట్రే కిందనుంచి వంగి ఎత్తాలంటే నడుములు పట్టేస్తాయి. ఒకటి పాడైనా రెండోది పనిచేస్తుంది. మార్చుకోవాలన్నా దానికదే మార్చుకోవచ్చు. రేంజ్‌కీ ప్లాట్‌ఫామ్‌కీ మధ్య సందుల్లో నూనె, పప్పు గింజలు పడి బొద్దింకలు చేరతాయి. మనం నీళ్లు పోసి గట్టు కడిగే మనుషులం.

పెనం_మీద_ప్రేమ

అత్తయ్య గారూ, నడుము సంగతి ఒప్పుకుంటాను. కానీ హాబ్‌కి గ్రానైట్‌లో కోసే రంధ్రం కంపెనీని బట్టి మారుతుంది. పదేళ్ల తర్వాత అదే కొలత హాబ్ దొరక్కపోతే రాయి మళ్లీ కోయాలి. రేంజ్ అయితే లాగి తీసి, వెనకా కిందా కడిగి మళ్లీ తోసేయొచ్చు. పెద్ద గిన్నెలకి రేంజ్ మీద ఉన్న గట్టి కడ్డీలు సన్నటి గాజు హాబ్ మీద ఉండవు. నాటుకోడి పులుసు గిన్నె నిండుగా ఎత్తిపెట్టాలంటే నాకు గాజు మీద భయం.

అన్నానగర్_అత్తయ్య, చెన్నై

గాజు సంగతి నిజమే. స్టీలు హాబ్‌లు కూడా ఉంటాయి. అయినా వంట చేసేది ఆ అమ్మాయి, వాళ్ల అత్తగారు. ఇద్దరూ ఒకసారి షోరూములో నిండు ట్రే పట్టుకుని వంగి లేచి చూడమనండి. ఆ తర్వాత వాళ్లిష్టం.

మడిపాక్కం_మామిడికాయ, చెన్నై

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా తమ్ముడు అమెరికా నుంచి వచ్చేస్తూ సామానంతా కంటైనర్‌లో పంపిస్తున్నాడు. వాళ్ల 36 అంగుళాల రేంజ్ చాలా ఖరీదైనది, అదీ తెస్తానంటున్నాడు. ఇక్కడ పనిచేస్తుందా?

పొయ్యి_పనివాడు

తీసుకురావొద్దనే చెప్పండి. అక్కడి ఇళ్లలో కరెంటు 120, 240 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మొత్తం గ్యాస్ రేంజ్ అయినా ఇగ్నైటర్, ఫ్యాన్, లైటు 120 మీద నడుస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కింద కరెంటు ఓవెన్ ఉన్నదైతే ఇంకా చిక్కు. చాలావరకు నేచురల్ గ్యాస్‌కి, అంటే పైపు గ్యాస్‌కి, సెట్ చేసి ఉంటాయి. మీకు సిలిండరే అయితే ఆ మోడల్‌కి తగ్గ ఎల్‌పీజీ జెట్ల కిట్ అక్కడే కొనాలి, రెగ్యులేటర్ కూడా మార్చాలి. ఇక్కడ దానికి వారంటీ ఉండదు, ముట్టుకునే సర్వీస్ మనిషి కూడా దొరకడు. అక్కడే అమ్మేసి ఆ డబ్బు తెచ్చుకోమనండి.

బ్రెడ్డు_బిస్కెట్టు

సందర్భం వచ్చింది కాబట్టి ఇష్టంగా రాస్తున్నాను. ఇటలీలో గ్వాస్తల్లా అని చిన్న ఊరు. బెర్తజోని కంపెనీ 1882లో మొదలైంది అక్కడే, స్మెగ్ 1948లో మొదలైందీ అక్కడే. స్మెగ్ అసలు ఎనామిల్ పూత పని చేసే కంపెనీ, ఆ తర్వాతే పొయ్యిల్లోకి వచ్చింది. వాళ్ల ఓవెన్ లోపలి పూత మీద వేలు పెట్టి చూడండి, మూలల్లో కూడా నున్నగా ఉంటుంది. కాలిన చక్కెర పాకం తడిగుడ్డతో వచ్చేస్తుంది. ఏ కంపెనీదైనా ఓవెన్ లోపల చెయ్యి పెట్టి మూలలు తడమండి.

ఆగా గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. నోబెల్ బహుమతి పొందిన గుస్తాఫ్ దాలెన్ 1922లో తయారుచేసిన పొయ్యి అది. అసలు రకం రోజంతా వెలుగుతూ ఇంటిని కూడా వెచ్చగా ఉంచుతుంది. చలిదేశాలకి సరిపోయింది. చెన్నై మే నెలలో దాని అవసరం ఎవరికీ లేదు.

వర్తూరు_వంటిల్లు

మీరందరూ చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని, అత్తగారిని, గిన్నెలని తీసుకుని వెళ్లొచ్చాను.

లైవ్ కిచెన్ ఉన్నచోట అత్తగారు ఇంట్లో రుబ్బిన పిండి తీసుకొచ్చి దిబ్బరొట్టె వేశారు. మొదటి రేంజ్ మీద సిమ్‌లో పెట్టినా అడుగు ముందే నల్లబడి పైన పచ్చిగా ఉండిపోయింది. మంట ఇంకా తగ్గిస్తే ఆరిపోయింది. రెండోదాని మీద చిన్న బర్నర్ వెలుగుతోందా లేదా అన్నంత సన్నగా నిలబడింది. మూత తీసి చూస్తే అంచులు విడి వచ్చాయి. తిరగేస్తే అడుగు అంతా ఒకే ఎరుపు. షోరూము వాళ్లంతా తలా ఓ ముక్క తిన్నారు. ధరలో రెండోదే తక్కువ.

అత్తయ్య గారూ, ట్రే పట్టుకుని ఇద్దరం వంగి చూశాం. అత్తగారికి కష్టంగానే ఉంది. అయితే ఓవెన్ వాడేది నేనే, ఆవిడకి పై పొయ్యే ముఖ్యం. ట్రే పక్కనే దించుకోవడానికి రేంజ్ కుడివైపు రెండడుగుల గట్టు ఖాళీగా వదిలేయమని కార్పెంటర్‌కి చెప్పాను.

చివరికి పెద్ద బర్నర్ ఎడమ పక్కన, డ్యూయల్ కంట్రోల్, కరెంటు ఓవెన్ ఉన్నది ఖాయం చేసుకున్నాం. సర్వీస్ సెంటర్‌కి నేనే ఫోన్ చేశాను. నాలుగు విడిభాగాల్లో మూడు ఊళ్లోనే ఉన్నాయన్నారు, తలుపు రబ్బరు ముంబై నుంచి రావాలట. ఆ రబ్బరు ఒకటి ఇప్పుడే అదనంగా కొనేస్తున్నాను. బడ్జెట్‌లో మిగిలింది చిమ్నీకి, వైరింగ్‌కి పెడుతున్నాం.

ఇక చిమ్నీ ఎత్తు, గ్యాస్ పైపు ఎక్కడ పెట్టాలి అన్నవి మిగిలాయి. వచ్చే వారం ప్లంబర్ వస్తాడు.

పొయ్యి_పనివాడు

చిమ్నీ వెడల్పు 90కి తగ్గకూడదు. ఎత్తు రేంజ్ మాన్యువల్‌లో ఉంటుంది, గ్యాస్ పొయ్యికి మామూలుగా 65 నుంచి 75 సెం.మీ. పైన ఉండాలి. పొగ బయటికి పోయే గొట్టం (డక్ట్) 6 అంగుళాలది వేసి నేరుగా బయటికి తీయించండి. ప్రతి మలుపుకీ లాగే శక్తి తగ్గుతుంది. ఒకటికి మించి వంపులు ఒప్పుకోవద్దు. గాలిని లోపలే తిప్పి వదిలే రకం మన పోపులకి చాలదు.

గ్యాస్ పాయింట్ రేంజ్ వెనక సరిగ్గా మధ్యలో పెట్టించొద్దు. ఓవెన్ వెనక వేడిగా ఉంటుంది కాబట్టి పైపు దానికి తగలకూడదు, అక్కడ రబ్బరు ట్యూబ్ అసలు వాడకూడదు. గ్యాస్ కంపెనీ ఒప్పుకునే మెటల్ పైపు వేయించండి. కట్టేసే వాల్వ్ మాత్రం పక్క కప్‌బోర్డులో, తలుపు తీయగానే చేతికి అందేలా ఉండాలి. మంటలు లేచినరోజు రేంజ్ లాగి వెనక చెయ్యి పెట్టే పరిస్థితి రాకూడదు.

రేంజ్‌తోపాటు గోడకి బిగించే గొలుసో క్లాంపో వస్తుంది. చాలా ఇళ్లలో అది డబ్బాలోనే ఉండిపోతుంది. ఓవెన్ తలుపు తెరిచి ఉండగా పిల్లలు దాని మీద ఎక్కితే రేంజ్ మొత్తం ముందుకు ఒరుగుతుంది, పైన మరిగే పులుసుతో సహా. అది బిగించాకే సంతకం పెట్టండి. గ్రానైట్ ఎత్తు ఖాయం చేసేముందు రేంజ్ కాళ్లు ఎంత తగ్గుతాయో, ఎంత పెరుగుతాయో కార్పెంటర్‌కి రాసివ్వండి. రెండూ ఒకే మట్టంలో ఉంటే పెద్ద గిన్నె ఎత్తకుండా పక్కకి జరుపుకోవచ్చు.